మోచెయ్యి నేర్పిన పది పాఠాలు

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో చేతుల మీద బతికినవాళ్లకు కొదవ లేదు. మిధాని, బీడీఎల్, డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్... ఈ రక్షణ సంస్థల్లో గేటు ఏదైనా సరే, లోపల లేతు దగ్గరో బెంచీ దగ్గరో కంప్యూటర్ ముందో ఒకే చెయ్యి ఒకే పనిని ఏళ్ల తరబడి చేస్తూ ఉంటుంది. నేనూ ఇక్కడి మెషిన్ షాపులోనే టర్నర్‌గా చేసి రిటైరయ్యాను. చక్ కీ బిగించిన ఆ కుడిచెయ్యే, తీరిక దొరికిన వయసులో మొండికేసింది. పాలగిన్నె దించాలన్నా, తడి తువ్వాలు పిండాలన్నా, స్కూటర్ ఎక్సిలరేటర్ తిప్పాలన్నా మోచేతి బయటి గుబ్బ దగ్గర ఒకటే పోటు. డాక్టరు చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. జన్మలో టెన్నిస్ ఆడనివాళ్లకే ఇది ఎక్కువగా వస్తుందట. పెద్దవాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఎప్పుడూ ఈ బాధతో ఉంటారని లెక్క.

అక్కణ్ణుంచి ఫిజియోథెరపీ. ఫిజియో వేళ్ల కింద పళ్లు బిగబట్టి కూర్చున్న రోజులు, ఇంట్లో బల్ల అంచున చెయ్యి పెట్టి చేసిన కసరత్తులు నాకు నేర్పినవి కింద రాస్తున్నాను. ఇలాంటి నొప్పి మడమ వెనకో, భుజంలోనో, మోకాలి చిప్ప కిందో ఉన్నవాళ్లకూ ఇందులో చాలా మటుకు పనికొస్తాయి.

1. ముందు నొప్పి దేనిదో తేల్చుకోండి

కండ చివర ఎముకను పట్టుకుని ఉండే తెల్లటి గట్టి పట్టీయే టెండన్. మణికట్టును పైకి ఎత్తే కండలు మోచేతి బయటి గుబ్బ దగ్గర ఇలాగే అతుక్కుని ఉంటాయి. అందుకే నొప్పి మోచేతిలో ఉన్నా దాన్ని రేపేది మణికట్టు పని. అరచెయ్యి కిందికి పెట్టి కుర్చీని వీపు పట్టి ఎత్తి చూడండి. ఆ గుబ్బ దగ్గరే సూటిగా పొడిస్తే అనుమానం బలపడినట్టే.

మోచెయ్యి నొప్పులన్నీ ఇవే అనుకోవద్దు. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, మెడ తిప్పినప్పుడు చెయ్యంతా లాగుతుంటే అది మెడ దగ్గర నరం సంగతి కావచ్చు. కీలు ఎర్రబడి వాచి జ్వరం వస్తే అది వేరే జబ్బు. మడమ వెనక ఎవరో తన్నినట్టు ఠప్పుమని, ఆపైన మునివేళ్ల మీద లేవలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవన్నీ తేలకుండా ఎవరి చేతికీ మీ చెయ్యి ఇవ్వకండి.

ఇంకో మాట. పాతబడిన టెండన్ నొప్పిని అందరూ వాపు అనుకుంటారు. అమెరికా సర్జన్ రాబర్ట్ నిర్షల్ 1979లో ప్రచురించిన పరిశీలనలో, ఇలాంటి మోచేతుల్లోంచి తీసిన ముక్కల్లో వాపు కణాల కంటే చెదిరిపోయి చిక్కుపడిన పోగులే కనిపించాయి. వాపు తగ్గించే మాత్రలు నెలల తరబడి మింగినా చెదిరిన పోగు తనంతట తాను సర్దుకోదు.

2. చెయ్యి పట్టేవాళ్లను ఎంచుకోండి

మన వైపు చెయ్యి పట్టే సంప్రదాయాలకు లోటు లేదు. పాతబస్తీలో పహిల్వాన్ల కట్లు ఉన్నాయి. చార్మినార్ దగ్గర నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది, యునానీలో మర్దనను ‘దల్క్’ అని ప్రత్యేక చికిత్సగానే చెప్తారు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు అరుదు. వాటిని నేను తీసిపారెయ్యను. కానీ విరిగిన ఎముకకు కదలకుండా కట్టే కట్టు వేరు, అరిగిన టెండన్‌కు కావలసిన కదలిక వేరు. ఎముకకు పనికొచ్చిన పద్ధతిని దీనికి వాడితే చెయ్యి బిగుసుకుపోతుంది.

ఫిజియోథెరపీలో బీపీటీ చదివినవాళ్లు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లకు పైగా శరీర నిర్మాణం చదివి వస్తారు. ఫిజియోథెరపీతో సహా అనుబంధ వైద్య వృత్తులను నియంత్రించడానికి 2021లో కేంద్రం చట్టం తెచ్చింది. చదువేమిటని అడగడానికి మొహమాటపడకండి. మంచి ఫిజియో మొదటి రోజు మిమ్మల్ని మంచం మీద పడుకోబెట్టే ముందు ప్రశ్నలు వేస్తారు: ఏం పని చేశారు, ఏ చేత్తో, తెల్లవారుజామున ఎలా ఉంటుంది, సుగర్ ఉందా? ప్రశ్న లేకుండా కరెంటు ప్యాడ్లు అంటించి, టైమర్ తిప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయే చోట డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

3. వేలు పడేది నొప్పి ఉన్నచోటే

నా చెయ్యి చూసింది మా పెద్దమనవరాలి కంటే నాలుగైదేళ్లు పెద్దదైన పిల్ల. నూనె తేలేదు, పౌడరూ చల్లలేదు. మోచెయ్యి మడిపించి, బయటి గుబ్బ ముందు వైపు వేలితో వెతికి, ఒక చోట ఆగింది. నా భుజం తనంతట తానే పైకి లేచింది. “అదేనా అంకుల్?” అంది. అదే. ఇక ఆ చోటు వదల్లేదు. పోగులు నిలువుగా ఉంటే ఆమె బొటనవేలు అడ్డంగా, అంగుళం కూడా లేని మేరలో అటూ ఇటూ. చర్మం మీద వేలు జారడం లేదు. చర్మమూ వేలూ కలిసి కదులుతున్నాయి, లోపలున్న టెండన్ మీద ఆ రాపిడి పడుతోంది. నూనె ఎందుకు వాడలేదో అప్పుడర్థమైంది.

మొదటి నిమిషం భరించడం కష్టం. కణత దగ్గర చెమట పడుతుంది, కాలి వేళ్లు ముడుచుకుంటాయి. రెండో నిమిషం దాటాక అక్కడ మొద్దుబారుతుంది. ఆ మొద్దుబారడం కోసమే ఆమె ఎదురుచూసేది. ఈ అడ్డ మర్దనకు శాస్త్రరూపం ఇచ్చి ప్రచారం చేసింది లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో పనిచేసిన జేమ్స్ సిరియాక్స్ అనే వైద్యుడు. 1985లో ఆయన పోయారు. నేటికీ కంచన్‌బాగ్ సందులో ఒక పిల్ల బొటనవేలు ఆయన చెప్పిన తీరునే కదులుతోంది.

4. నొప్పికి మార్కులు వెయ్యండి

“పదికి ఎంత అంకుల్?” అని ఆ పిల్ల మాటిమాటికీ అడిగేది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఇక నా వల్ల కాదు. షిఫ్టుల్లో రాటుదేలిన మగవాళ్లకు ఇక్కడే చిక్కు. ఏడు ఉన్నా నాలుగు అంటారు. ఆమెకు కావలసింది మీ మగతనం కాదు, మీ అంకె. ఆ అంకెను బట్టే వేలి బరువు పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. నిజమే, కానీ ఓర్పుకూ ఒక హద్దు ఉంది. మూడు, నాలుగు, మహా అయితే అయిదు: ఈ మేర నొప్పితో సాగించవచ్చు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున జరుగుతుంది. నిద్ర లేచి పళ్లపేస్టు మూత తిప్పినప్పుడు నొప్పి నిన్నటి పొద్దుటి కంటే పెరిగిందా? పెరిగితే నిన్నటి మోతాదు ఎక్కువైనట్టు. పెరగకపోతే సరిపోయినట్టు. చర్మం కమిలి నీలం తేలితే అది మంచి చికిత్సకు గుర్తు కాదు. ఎంత గట్టిగా నొక్కితే అంత తొందరగా తగ్గుతుందని నమ్మించే చెయ్యి దగ్గర నుంచి లేచి వచ్చెయ్యండి.

5. వేళ్లు నొప్పిని దించుతాయి, చెయ్యిని నిలబెట్టేది బరువే

పది పాఠాల్లోనూ ఒక్కటే గుర్తుంటుంది అనుకుంటే ఇది గుర్తుంచుకోండి. అడ్డ మర్దన మీద జరిగిన ప్రయోగాలను 2014లో కాక్రేన్ సంస్థ పరిశీలించింది. లెక్కలోకి వచ్చినవి రెండే చిన్న ప్రయోగాలు. మర్దన ఒక్కదానితోనే టెండన్ బాగవుతుందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. అలాగని వట్టిదనీ కాదు. మొద్దుబారిన ఆ కాసేపట్లో మీరు నొప్పి లేకుండా కసరత్తు మొదలుపెట్టగలరు. మర్దన వల్ల దొరికే లాభం అదే. మంచం మీద పడుకుని నొక్కించుకుని, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేవాళ్లకు సగం వైద్యమే అందినట్టు.

నేను పనిచేసిన లోకంలో ఉక్కుకు ఒక శాపం ఉంది. ఒక్క దెబ్బకు విరగని ముక్క కూడా చిన్న చిన్న బరువులు లక్షల సార్లు పడితే లోలోపల పగులుతుంది. పగులు పడ్డాక దానంతట అది మూసుకోదు, జాబ్‌ను తుక్కులో వెయ్యాల్సిందే. టెండన్‌కు అలసట వరకే ఆ పోలిక. తర్వాత దానికి ఉక్కుకు లేని వరం ఉంది. సరైన బరువు పడితే అది కొత్త కొలాజెన్ పోగులు అల్లుకుంటుంది. గట్టి కసరత్తు తర్వాత మొదటి ఒకటిన్నర రోజు కరుగుదలది పైచెయ్యి, ఆ తర్వాత అల్లికది. అందుకే బరువు కసరత్తుకూ మళ్లీ బరువు కసరత్తుకూ మధ్య ఒక రోజు వదలమంటారు.

చేసే తీరు చెప్తాను. ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి నేల వైపు ఉంచి, మణికట్టును బల్ల అంచు బయటికి వదలండి. మొదట్లో తేలికపాటి బరువును ఎత్తి కదలకుండా ముప్ఫై నలభై సెకన్లు పట్టుకోవడమే పని. అది తేలికయ్యాక, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేతి సాయంతో పైకి ఎత్తి, సాయం తీసేసి నాలుగైదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించాలి. దించడంలోనే మందు ఉంది. పదిహేను సార్లు, కాస్త ఆగి మళ్లీ పదిహేను, మళ్లీ పదిహేను. సులువైపోతే లీటరు సీసా.

6. ఈ నెమ్మది కసరత్తు వెనక ఒక మొండి డాక్టరు ఉన్నాడు

స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే సర్జన్‌కు మడమ వెనక అకిలెస్ టెండన్ నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చెయ్యమంటే పై అధికారి ఒప్పుకోలేదు. టెండన్ తెగితే అయినా చెయ్యక తప్పదుగా అని, తెగ్గొట్టుకోవడానికే మడమను మెట్టు అంచు నుంచి కిందికి దించే కసరత్తు మొదలుపెట్టాడు. టెండన్ తెగలేదు, నొప్పి పోయింది. ఆ తర్వాత పరుగు అలవాటున్న 15 మంది రోగులతో అదే చేయించి 1998లో ఫలితం ప్రచురించాడు. మోకాలు చాపి మూడు విడతలు, మడిచి మూడు విడతలు, విడతకు పదిహేను, రోజుకు రెండు పూటలు. అంటే రోజుకు 180 సార్లు, 12 వారాలు. అందరూ మళ్లీ పరుగెత్తారు. తర్వాతి వైద్యులు ఆ లెక్కను తగ్గించారు, మార్చారు. నెమ్మదిగా బరువు వెయ్యాలన్న సూత్రం మాత్రం నిలబడింది. మోచేతికి వచ్చింది కూడా ఆ సూత్రమే. మెట్ల మీద ఆయన చేసిన పనిని మీరు సొంతంగా మొదలుపెట్టకండి, ఫిజియోను అడిగి మోతాదు తెలుసుకోండి.

7. విశ్రాంతి అంటే చెయ్యిని మెడకు వేలాడదీయడం కాదు

పూర్తిగా మానేస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. రేపే పనిని మార్చుకోవాలి. కూరగాయల సంచిని అరచెయ్యి పైకి ఉండేలా మోచెయ్యి మడిచి పట్టుకుంటే నొప్పి చాలా మటుకు తగ్గుతుంది. బకెట్ సగమే నింపండి. తువ్వాలు పిండకుండా నీళ్లు కారేలా తీగ మీద వెయ్యండి. స్క్రూడ్రైవర్, చాకు, ఎక్సిలరేటర్ పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చెయ్యండి, పట్టుకు బలం తక్కువ పడుతుంది. డీఎంఆర్‌ఎల్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో స్కూటర్ మీద ఎదురుచూసేటప్పుడు బ్రేకు పిసికి పట్టుకుని ఉండకండి, కాలు నేల మీద పెట్టండి. చిన్న విషయాలే. కానీ రోజంతా రేపి, పదిహేను నిమిషాలు కసరత్తు చేస్తే రేపిందే గెలుస్తుంది.

8. సూదికి తొందరపడకండి, పట్టీని నమ్ముకుని కూర్చోకండి

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు వారానికే చెయ్యి ఊపుతూ తిరుగుతారు. ఆస్ట్రేలియాలో 198 మంది టెన్నిస్ ఎల్బో రోగులతో జరిపి 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఆరు వారాలకు ఇంజెక్షన్ వాళ్లే ముందున్నారు. ఏడాది నాటికి ఫిజియోథెరపీ వాళ్ల కంటే, ఏమీ చెయ్యకుండా వేచి చూసినవాళ్ల కంటే కూడా వెనకబడ్డారు. ఇంజెక్షన్ వాళ్లలో 72 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. పెళ్లి పనులున్నాయనో ప్రయాణం ఉందనో సూదికి సిద్ధపడే ముందు ఈ లెక్క డాక్టరుతో మాట్లాడండి.

మోచేతి కింద కట్టే పట్టీ పని చేసేటప్పుడు సాయపడుతుంది. సాయం తేలిగ్గా ఉంటే ఎంత మేలో కంచన్‌బాగ్‌కు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చిన అబ్దుల్ కలాం, నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అడిగితే పోలియో పిల్లలను చూడబోయారు. మూడు కిలోల పైచిలుకు బరువున్న లోహపు కాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు ఆ పిల్లలు. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థంతో మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. పిల్లలు హాయిగా తిరగగలిగారని ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. పోలియో కాలికి ఆ ఆసరా జీవితాంతం కావాలి. మన టెండన్‌కు అక్కర్లేదు. పని అయ్యాక పట్టీ విప్పండి, రాత్రి కట్టుకుని పడుకోకండి.

9. ఒంట్లో చక్కెర, చేతిలో చీటీ చూసుకోండి

సుగర్ అదుపులో లేనివాళ్లకు టెండన్లు తొందరగా పాడవుతాయి, నెమ్మదిగా మానుతాయి. భుజం బిగుసుకుపోవడమూ వాళ్లకే ఎక్కువ. మూడు నెలల సగటు చూపే పరీక్ష చేయించుకోకుండా మోచేతికి మాత్రమే వైద్యం చేయిస్తే ఫలితం ఆలస్యమవుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. విరేచనాలకు, మూత్రంలో మంటకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్ తరహా యాంటీబయాటిక్‌లు టెండన్లను, ముఖ్యంగా మడమ వెనక దాన్ని, దెబ్బతియ్యవచ్చు, తెంచనూవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఈ మందులపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించమంది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. టెండన్ నొప్పి ఉందని డాక్టరుకు చెప్పండి. చీటీ లేకుండా అసలు వాడకండి.

10. నెలల లెక్కలో ఆలోచించండి, ఇంట్లోవాళ్ల చెయ్యీ చూడండి

టెండన్‌కు రక్తం తక్కువగా అందుతుంది, అందుకే మానడం ఆలస్యం. ఎక్కువ మందికి ఏడాది లోపల తగ్గిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. 2004లో టెన్నిస్ ఎల్బోతో ఆట మానుకోవలసి వచ్చిన సచిన్ తెందూల్కర్, 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చి 2013 దాకా ఆడాడు. మన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు, కసరత్తులు దాటి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. వాళ్ల పక్కన ఫిజియోలు, ట్రైనర్లు ఉన్నారు. మన పక్కన ఉండేది నీళ్ల సీసా, గోడ మీది క్యాలెండర్. అయినా సూత్రం ఒకటే.

ఇక చివరిగా ఒక మాట. మా క్లినిక్ బెంచీ మీద నాలాంటి రిటైరైన మగవాళ్లే ఎక్కువ కనిపించేవాళ్లు. కానీ రోజూ బట్టలు పిండేది, రొట్టెలు ఒత్తేది, పప్పు కుక్కరు దించేది, మనవడిని చంకనెత్తుకునేది ఎవరు? మా ఇంటామె చెయ్యి నా చెయ్యి కంటే ముందునుంచే నొప్పిగా ఉందని నాకు తెలిసింది ఆమె గరిటెను ఎడమ చేతికి మార్చుకోవడం గమనించినప్పుడు. బాలింతలకు బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర వచ్చే నొప్పి కూడా ఈ జాతిదే. బిడ్డను అదే తీరుగా ఎత్తి ఎత్తి వస్తుంది. దాన్ని “బాలింత నొప్పులు” అని సరిపెట్టేస్తారు. వైద్యం చేయించుకోవడానికి వెళ్తున్న చెయ్యి మగవాడిదైతే, ఇంట్లో ఇంకో చెయ్యి వరుసలో ఉందేమో ఒకసారి అడగండి. అడిగితే చెప్పరు, అందుకని వాళ్ల పని చేసే తీరు చూడండి. ఫిజియో దగ్గరికి వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. మీ చెయ్యి నెమ్మదించాక బకెట్ మీరు ఎత్తండి, తువ్వాలు మీరు పిండండి. అరలీటరు సీసాలు రెండు కొనుక్కుంటే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కసరత్తు చేసుకోవచ్చు.